పలక మంచిదా, కంప్యూటరు మంచిదా?

పిల్లలూ! కామిక్ బొమ్మలు వేయాలంటే తెరను తాకి గీసే టాబ్లెట్ మంచిదా, కంప్యూటరు మంచిదా అని మీలో కొందరికి సందేహం ఉండవచ్చు. నాకూ ఉండేది. అది ఎలా తీరిందో చెబుతాను, వినండి.

నా చిన్నతనంలో మా అమ్మమ్మ ఒక కోతి కథ చెప్పేది. ఆమెకు 80 ఏళ్ళు నిండే రోజున ఆ కథను 8 పేజీల బొమ్మల కథగా వేసి ఇవ్వాలని నాకు తోచింది. టాబ్లెట్ తీసుకుని ఆమె మంచం పక్కనే కూచునేవాణ్ణి. ఆమె చెబుతూంటే నేను వేసేవాణ్ణి. కలం మొన పెట్టిన చోటనే గీత పడుతుంది గనక, అచ్చం పలక మీద బలపంతో రాసినట్టే ఉండేది. ఈ పద్ధతి నిన్నటిది కాదు. 1963లోనే అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థి ఐవాన్ సదర్లాండ్ తన 'స్కెచ్‌ప్యాడ్' ద్వారా కంప్యూటరు తెర మీద కాంతికలంతో గీతలు గీసి చూపాడు.

ఇలాంటి బొమ్మలను పొరలు పొరలుగా వేస్తారు. ఒక పొర మీద గీతలు, మరొక పొర మీద రంగులు. రంగు చెడితే ఆ పొర ఒక్కటే చెరపవచ్చు, గీతలు చెక్కుచెదరవు. అయితే కాగితం పెద్దదైనకొద్దీ ప్రతి పొరకూ యంత్రం జ్ఞాపకంలో ఎక్కువ చోటు కావాలి. అందుచేత నా టాబ్లెట్ పెద్ద కాగితానికి కొద్ది పొరలే ఇచ్చేది. నేను పొరల ఆశకొద్దీ కాగితం వెడల్పును 800 చుక్కలకు తగ్గించాను. తెర మీద బొమ్మ ముచ్చటగానే ఉన్నది.

పుట్టినరోజున ఎ4 కాగితాల మీద అచ్చు తీయించి అమ్మమ్మ చేతిలో పెట్టాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని ఒకసారి దూరంగానూ, ఒకసారి దగ్గరగానూ పట్టుకుని చూసింది.

"బొమ్మలు బాగున్నాయిరా, నాన్నా! అక్షరాలే అలుక్కుపోయినట్టున్నాయి. నా చూపు పోయింది కాబోలు," అన్నది.

నలుగురిలో నేను నోరు మెదపలేకపోయాను. మర్నాడు ఆమె కళ్ళ డాక్టరు వద్దకు తీసుకుపొమ్మని అడిగేసరికి, సిగ్గుపడి నిజం చెప్పేశాను. తప్పు ఆమె కళ్ళది కాదు, నాది! ఎ4 కాగితం వెడల్పు సుమారు 8.27 అంగుళాలు. అంటే అంగుళానికి 97 చుక్కలే పడ్డాయి. వత్తులూ, గుడులూ కలిసిపోయాయి. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. అలాగైతే అడ్డం 2480, నిలువు 3508. మొత్తం సుమారు 87 లక్షల చుక్కలు! చుక్కకు 4 బైట్ల చొప్పున, ఒక్క పొరకే దాదాపు 3 కోట్ల 48 లక్షల బైట్లు! చిన్న బొమ్మను సాగదీస్తే చుక్కలు పెద్దవవుతాయి గాని, లేని వివరాలు రావు.

"అయితే మళ్ళీ వెయ్యి," అని అమ్మమ్మ నవ్వింది.

ఈసారి కంప్యూటరుకు కలం పలక తగిలించాను. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద! మొదటి వారమంతా నా గీతలు వంకరలే. తరవాత అలవాటైపోయింది. చెయ్యి బొమ్మకు అడ్డురాదు. పెద్ద తెర మీద పేజీ అంతా ఒక్కసారే కనబడుతుంది. కాని ఒక సాయంత్రం కరెంటు పోయి, దాచుకోని 2 గంటల పని కాస్తా మాయమైంది. బాటరీ ఉన్న టాబ్లెట్‌తో ఆ బాధ లేదు.

అందుచేత ఇప్పుడు నేను చిత్తు బొమ్మలు టాబ్లెట్ మీదా, అచ్చుకు పోయేవి కంప్యూటరు మీదా వేస్తున్నాను. మీరు కొత్తది కొనిపెట్టమని అమ్మానాన్నలను వేధించకండి. ఇంట్లో కంప్యూటరుంటే 'క్రిటా' వంటి ఉచిత ప్రోగ్రాముతో మొదలుపెట్టండి. ఏ యంత్రమైనా, మొదటి గీతకు ముందే కాగితం కొలత చూసుకోండి.

కొత్త పుస్తకాన్ని అమ్మమ్మ పైకి గడగడా చదివింది. చదివి, "మూడో పేజీలో కోతి తోక పొట్టిదైపోయిందేమిరా?" అన్నది.

ఆమె చూపుకేమీ లోటు లేదు!