చమ్చా, బీన్, పారబోసిన నీళ్ళు

ఉర్దూలో ఎవరినైనా 'చమ్చా' అన్నామంటే తిట్టినట్టే. పెద్దవాళ్ళ చుట్టూ తిరిగి, పొగిడి, పబ్బం గడుపుకునేవాడని మతలబ్. మా ఉదయగిరిలో మాత్రం ఆ మాట రోజీ రోటీ. చెక్కతో చమ్చాలు, గరిటెలు, ఫోర్కులు చేయడం ఈ ఊరి హునర్. దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెక్కేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మా అమ్మీ కూడా ఏళ్ళ తరబడి చెక్కింది.

ముహావరా అంటే ఇదే కదా. మాట ఒకటి, మతలబ్ ఇంకొకటి. ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ ముహావరాలు కంఠస్థం చేయించేవారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక జాతీయాలు, సామెతలు చదివాను. రెండు జబాన్లూ ఇరుగుపొరుగు ఇళ్ళలా గోడ మీదుగా మాట్లాడుకుంటాయని అప్పుడే తెలిసింది. అమ్మీ 'నాచ్ నా జానే ఆంగన్ టేఢా' అంటే, పక్కింటి పెద్దమ్మ 'ఆడలేక మద్దెల ఓడు' అనేది. చాన్నాళ్ళు కనపడనివాణ్ణి మనం 'ఈద్ కా చాంద్' అంటాం. వాళ్ళు 'నల్లపూస అయిపోయావే' అంటారు.

ఈమధ్య చీనా ముహావరాలు చదివాను. వాళ్ళవి చాలావరకు 4 అక్షరాల్లో ఇమిడిపోతాయి. చాలావాటి వెనక ఒక కిస్సా ఉంటుంది. 'పాముకు కాళ్ళు గీయడం' అంటే పూర్తయిన పనికి లేనిపోనిది తగిలించి చెడగొట్టుకోవడం. 'బావిలో కప్ప' వాళ్ళకూ ఉంది, క్రీస్తు పూర్వపు జువాంగ్జీ గ్రంథంలోనే ఉంది. మనం 'భైంస్ కే ఆగే బీన్' అనేదాన్ని, తెలుగువాళ్ళు 'చెవిటివాడి ముందు శంఖం' అనేదాన్ని, వాళ్ళు 'ఆవు ముందు వాద్యం' అంటారు.

ఆ ఆవు కిస్సా నాకు బాగా నచ్చింది. ఒక ఉస్తాద్ ఆవు ముందు గొప్ప రాగం వాయించాడు. ఆవు తలెత్తకుండా గడ్డి మేస్తూనే ఉంది. అప్పుడాయన దోమల రొద, లేగదూడ అరుపు వాయించాడు. ఆవు వెంటనే తోక ఆడించి, చెవులు రిక్కించింది. మనం భైంస్ ను తిట్టి ఊరుకుంటాం. ఆ కిస్సాలో వాయించేవాడికీ సబక్ ఉంది: వినేవాళ్ళకు తెలిసిన చప్పుడుతో చెప్పు.

అన్ని ముహావరాలూ ఇంత ముచ్చటగా ఉండవు. మన ఇళ్ళలో కూతుర్ని 'పరాయా ధన్' అంటారు. తెలుగువాళ్ళు 'ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు' అంటారు. చీనాలో ఏమంటారో తెలుసా? 'పెళ్ళి చేసి పంపిన కూతురు పారబోసిన నీళ్ళు' అంటారు. మజహబ్ వేరు, లిపి వేరు, తిండి వేరు. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి మూడు జబాన్లూ ఒక్కటైపోయాయి. ఇది చదివి వినిపిస్తే అమ్మీ నవ్వలేదు. "వహాఁ భీ ఐసాచ్ బోల్తే?" అంది.

ఈ ఏడాది మా అమ్మాయి ఇంటర్ పాసైంది. ఆత్మకూరు నుంచి మా ఫుప్పూ ఫోన్ చేసి, రిష్తా ఒకటుంది, 'హాత్ పీలే కర్ దేవ్' అన్నారు. పసుపు చేతులంటే షాదీ అని మీకు వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మాయి మాత్రం దాన్ని మొదటిసారి వింది. మతలబ్ తెలిశాక లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆడపిల్లల చదువు గురించి నేను పేపర్లో ఎన్నో రాశాను. ఫుప్పూ ముందు అవన్నీ భైంస్ ముందు బీనే. అమ్మీ నా చేతిలో ఫోన్ తీసుకుంది. "హాత్ పీలే కర్నే కూ అభీ టైం హై ఆపా. పైలే ఉస్ హాత్ మే కలం రహ్నే దేవ్" అంది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఫుప్పూ, ఏ కాలేజీలో చేరుస్తున్నారని అడిగారు.

పిల్లలకు ముహావరాలు నేర్పండి. లేకపోతే నానీ, దాదీ మాటల్లో సగం వాళ్ళకు అర్థం కాకుండానే పోతాయి. 'పరాయా ధన్' లాంటివి కూడా దాచొద్దు. మతలబ్ చెప్పండి, అది ఎందుకు గలతో కూడా చెప్పండి. మా అమ్మాయి నెల్లూరులో డిగ్రీలో చేరింది. హాస్టల్ ఫీజులో కొంత, చమ్చాలు చెక్కి అమ్మీ దాచుకున్న డబ్బు.