పని ఇచ్చే విలువ

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. పిక్కలు ఉడకబెట్టి, ఆరబెట్టి, కోసి, పప్పు తీసి, పొట్టు ఒలిచి, సైజుల వారీగా డబ్బాలకెత్తుతారు. ఇన్ని పనుల్లోనూ సమాపక క్రియ ఒక్కటే. మిగతావన్నీ తమ ఫలితాన్ని తర్వాతి పనికి అందిస్తూ పోతాయి. ప్రోగ్రామింగ్ భాష కూడా ఇలా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కోడ్‌లో ఎక్స్‌ప్రెషన్ విలువనిస్తుంది, స్టేట్‌మెంట్ పని చేసి ఊరుకుంటుంది. ఈ రెండు లోకాల మధ్య గోడనే జాన్ బాకస్ 1977 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో తప్పుబట్టాడు. లిస్ప్ ఆ గోడ కట్టుకోనే లేదు. ఆల్గాల్ 68 అయితే బ్లాక్‌కే విలువనిచ్చింది: అందులో చివర తేలిందే మొత్తం బ్లాక్ విలువ. 2015లో 1.0గా వచ్చిన రస్ట్‌ది కూడా ఇదే పద్ధతి.

దీనివల్ల లాభం జీడిపప్పు గ్రేడింగులో చూడొచ్చు. పౌండుకు 180 గింజల లోపు తూగితే డబ్ల్యూ 180. ఆపైన 210, 240, 320. పాత పద్ధతిలో ‘గ్రేడు’ అని ఖాళీ పేరొకటి పెట్టుకుని, ఒక్కో ఇఫ్‌లో దాన్ని నింపుతాం. ఒక దారి మరిచిపోతే చాలా భాషల్లో అడిగేవాళ్లుండరు, డబ్బా మీద గ్రేడు పడదు. ఇఫ్ మొత్తం ఎక్స్‌ప్రెషన్ అయితే అది ఇచ్చిందే గ్రేడు. ఎల్స్ రాయకపోతే రస్ట్, కోట్లిన్ కంపైలర్లు అక్కడే ఆపేస్తాయి.

అలాగని అన్నిటికీ విలువ అంటగట్టకూడదు. సీలో అసైన్‌మెంట్ కూడా విలువనిస్తుంది. ఇఫ్‌లో రెండు ఈక్వల్ గుర్తులకు బదులు ఒకటే పడితే, పోల్చాల్సిన చోట విలువ మారిపోతుంది. పైథాన్ 2019లో 3.8తో అసైన్‌మెంట్ ఎక్స్‌ప్రెషన్‌కి వేరే గుర్తే పెట్టింది. ఆ ప్రతిపాదన మీద రగడ ముదిరి, 2018 జులైలో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రాసమ్ నాయకత్వం వదులుకున్నాడు. అసైన్‌మెంట్‌కి విలువే లేదన్న కోట్లిన్ నిర్ణయం నాకు సరైనదనిపిస్తుంది.

చిక్కంతా లూప్ దగ్గరే. పలాస దగ్గరి ఉద్దానంలో ఒక జీడితోటలో చెట్టు చెట్టుకీ కాపు లెక్కించే లూప్ రాశామనుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి చెట్లన్నీ కూలిపోయిన తోటలో అది ఒక్కసారీ తిరగదు. మరి ఏమివ్వాలి? రస్ట్‌లో ఫర్, వైల్ లూపులు చెప్పుకోదగ్గ విలువేమీ ఇవ్వవు. స్కాలాలో ఫర్‌కి యీల్డ్ జోడిస్తే ఒక్కో చుట్టు విలువనూ పోగుచేసి వరుసగా ఇస్తుంది, చెట్టే లేకపోతే ఖాళీ వరుసనిస్తుంది. నా ఓటు దీనికే: ఆ ఖాళీ వరుసని కూడితే సున్నా వస్తుంది, తర్వాతి లెక్క ఆగకుండా నడుస్తుంది.