ఫోనులో డాక్టరుగారు



"అయ్యగారూ, ఫోనులో చూసే డాక్టరును నమ్మవచ్చునా? లేక టౌనుకే వెళ్ళి చూపించుకోవాలా?" అని సంఘములో చాలామంది నన్ను అడుగుతూ ఉంటారు. నేను వైద్యుణ్ణి కాను. అయినా గృహదర్శనములలో కళ్ళారా చూచినవి, విచారించి తెలుసుకొన్నవి మీతో పంచుకొంటాను.

కరోనా దినములలో, 2020 మార్చి 25న, కేంద్ర ప్రభుత్వము ఈ వైద్యానికి నియమములు ఏర్పరచింది. రిజిస్టరైన డాక్టరు మాత్రమే చూడాలి. మందుల చీటీ మీద ఆయన రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. మత్తుమందులు ఈ విధముగా వ్రాయకూడదు. ప్రభుత్వమువారి ఈ-సంజీవని సేవ ఉచితము.

మా సంఘములో ఒక పెద్దమ్మకు బి.పి., షుగరు ఉన్నాయి. ఇదివరకు నెలనెలా టౌనుకు వెళ్ళాలంటే బస్సు చార్జీలతోపాటు, వెంట వెళ్ళే కొడుకుకు ఒకరోజు కూలి కూడా పోయేది. ఇప్పుడు ఊళ్ళోని ఆరోగ్య కేంద్రములో సిస్టరుగారు బి.పి. చూచి, వేలి రక్తముతో షుగరు చూచి, ఆ అంకెలు ఫోనులో డాక్టరుగారికి చెబుతారు. ఆయన మాత్రలు సరిచేస్తారు. జబ్బు ముందే తెలిసినది, అంకెలు ఎదుట ఉన్నాయి. ఇటువంటి చోట ఫోను వైద్యము చక్కగా పనికివస్తుంది.

మరొక ఇంటి సంగతి వేరు. ఒక యౌవనస్థునికి బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు క్రిందికి దిగింది. ఫోనులో డాక్టరుగారు నాలుగు ప్రశ్నలు వేసి, "కడుపు నొక్కి చూడకుండా మందు వ్రాయను. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి" అన్నారు. "డబ్బులు తీసుకొని మందే వ్రాయలేదు" అని తల్లి సణిగింది. "గ్యాసు మాత్ర వేస్తే తగ్గిపోతుందిలే" అన్నాడు తండ్రి. చివరకు ఆటో ఎక్కించి తీసుకువెళ్ళాము. అపెండిసైటిస్ అని తేలింది. ఆ రాత్రే ఆపరేషను చేశారు. ఆలస్యమైతే లోపల పగిలి ప్రాణము మీదికి తెచ్చే జబ్బు అది.

ఆ తల్లి మోసమనుకొన్న మాటే ఆమె బిడ్డను కాపాడింది. ఫోనులో ముఖము కనబడుతుంది, మాట వినబడుతుంది. నొక్కితే ఎక్కడ నొప్పి పుడుతుందో, ఊపిరితిత్తులలో ఏ శబ్దము ఉందో తెలియదు. ఆ హద్దు ఎరిగి, "ఇది ఫోనులో తేలదు, నేరుగా చూపించండి" అని చెప్పే డాక్టరే నమ్మదగినవారు. ప్రతిదానికీ మందు వ్రాసేవారిని చూచి జాగ్రత్తపడండి.

ఫోను చేసేముందు పాత చీటీలు, వాడుతున్న మాత్రలు దగ్గర పెట్టుకోండి. రోగినే మాట్లాడనివ్వండి. "ఏ గుర్తు కనబడితే ఆసుపత్రికి రావాలి?" అని తప్పక అడగండి. గుండెనొప్పి, ఆయాసము, మూర్ఛ, ఒక ప్రక్క కాలుచేయి పడిపోవడము, పసిబిడ్డ పాలు త్రాగకపోవడము - వీటికి ఫోను వైద్యము కోసము కాచుకొని కూర్చోవద్దు. ఆ ఫోనుతోనే 108కి కబురు చేయండి.