ఢాబా కాడ కరెంటు కారు

హైదరాబాద్‌ల మా అక్కకు సాయంత్రం 4 గంటలకు ఆపరేషన్. నేను రాత్రిపాళీ దిగి వచ్చేసరికి 8 దాటింది. సోలాపూర్‌ల మేనల్లుడి కారెక్కేసరికి తొమ్మిదిన్నర. అప్పు చేసి కొన్న కరెంటు కారు, 30 యూనిట్ల బ్యాటరీ.

"యూనిట్‌కు 7 కిలోమీటర్లు వస్తది మామా. దారి 300. హుమ్నాబాద్ కాడ ఒక్కసారి ఆగితే చాలు" అన్నడు.

నల్‌దుర్గ్, ఉమర్గా దాటి హుమ్నాబాద్ చేరేసరికి 12 అయింది. ఢాబా ముందు చార్జింగ్ డబ్బా ఉంది గానీ తెర వెలగలే. ఫోన్‌ల మాత్రం అంతా బాగున్నట్టే చూపిస్తున్నది! పిల్లగాడి మొహం మాడిపోయింది. ఆపరేషన్ వాళ్లమ్మకే కదా.

ఏసీ బందు జేసి, మెల్లగ ఇంకో ఢాబాకు పోయినం. అక్కడ మిషన్ నడుస్తున్నది, కానీ ముందు వేరే కారు ఉంది. దాని యజమాని కన్నడాయన, జొన్నరొట్టె తింటున్నడు. సంగతి చెప్తే తినుడు ఆపి లేచి, తన వైరు తీసేసిండు. "నేను బీదర్ దాకనే, నాకు సరిపోతది" అన్నడు.

ఎనభై శాతం దాకా నలభై నిమిషాలు. ఆ పైన బ్యాటరీ వేడెక్కకుండ మిషనే కరెంటు తగ్గిస్తదట, నిండే దాకా కూసుంటే గంట పోతది. ఇంటి మీటర్ కంటె ఇక్కడ యూనిట్ ధర రెండింతలు. ఆ పూట ఎవరం లెక్క చూడలే.

3.40కి దవాఖాన చేరినం. స్ట్రెచర్ మీద పోతున్న అక్క, కొడుకును చూసి "అన్నం తిన్నవా?" అని అడిగింది.

ఇప్పుడు వాడు బయలుదేరే ముందు ఢాబాకే ఫోన్ చేసి, మిషన్ నడుస్తున్నదా అని అడుగుతడు.