అమ్మ పేరున పద్మిని

మా వైపు అందరూ ఫియట్ అనే అంటారు గానీ, 1974 నుంచి ఆ కారు పేరు ప్రీమియర్ పద్మిని. నిప్పుల్లో దూకిందని కథలుగా చెప్పుకునే రాణి పేరు. స్టీరింగు ముందు మాత్రం మా ఇళ్ళల్లో ఎప్పుడూ మగవాళ్ళే కూర్చున్నారు.

రేపల్లెలో మా ఇంటి పద్మిని 1986లో కొన్నది. అమ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరంన్నర అమ్మి కొన్నారు. కాగితాల మీద పేరు నాన్నది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసిందీ ఆ ఏడాదే. అప్పటికే పెళ్ళయిపోయిన అమ్మలాంటివాళ్ళకి అది వర్తించలేదు. వాళ్ళకి మిగిలింది ఈ పసుపు కుంకుమలే. అదీ ఇలా చేతులు మారిపోయేది.

నాన్న పోయాక కారు పదేళ్ళు వసారాలో నిలబడిపోయింది. తుక్కు కింద ఇచ్చేద్దామన్నారు అన్నయ్యలు. ఏనాడూ ఎదురు చెప్పని అమ్మ, "అది నా పొలంరా" అంది.

నేను బాపట్లలో పాఠాలు చెప్పుకుంటాను. కారుని తెనాలిలో ఒక షెడ్డుకి చేర్చి, శనివారాలు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. "సారెవరూ రాలేదా అమ్మా?" అన్నది మేస్త్రీ మొదటి ప్రశ్న. ఆ కార్ల తయారీ ఆగి చాలా ఏళ్ళయింది. కార్బురేటరు, ఒక తలుపు, వైపర్ మోటారు మూలపడ్డ మరో రెండు పద్మినిల నుంచి తీసుకున్నాం. మిగతావి విజయవాడ ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో ఏరుకున్నాను. కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే తెనాలికి పాత ఇనుము విలువ నేను చెప్పాలా?

ఇంజను తిరిగింది. కింద నూనె మడుగు కట్టింది. ట్యాపెట్ కవరు కార్కు ప్యాకింగ్ మార్చారు. ఆయిల్ ఛాంబరు ప్యాకింగ్ మార్చారు. అక్కడ ఆగితే వెనక సీలు దగ్గర కారింది. ఆ శనివారం అమ్మ రైల్లో వచ్చి, స్టూలు మీద కూర్చుని అంతా చూసింది. "కుక్కరు వెయిట్ కింద మెతుకు అడ్డుపడితే రబ్బరు పక్కనుంచి కారదూ? దీంట్లో ఆవిరి ఎటు పోతుంది నాయనా?" అంది.

మేస్త్రీ ఒక్క క్షణం ఆగి బ్రీదర్ గొట్టం విప్పాడు. మడ్డి పేరుకుని మూసుకుపోయింది. పిస్టన్ రింగులు దాటి కిందికి జారే పొగ ఆ గొట్టంలోంచే బయటికి పోవాలి. దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనమో అక్కణ్ణించి నూనెని తోసేస్తుంది. సీళ్ళు మార్చినకొద్దీ కారే చోటు మారుతుంది గానీ కారడం ఆగదు. గొట్టాన్ని కిరసనాయిలుతో కడిగి బిగించాక మడుగు ఆగింది.

యాభై ఏళ్ళు పొయ్యి దగ్గర సంపాదించిన ఆ తెలివిని మనం ఇంజనీరింగ్ అనలేదు, వంట అన్నాం. పొలం డబ్బుని అమ్మ డబ్బు అనలేదు, నాన్న కారు అన్నాం. రెండూ ఒకే రకం లెక్క.

యజమాని చనిపోతే బండిని వారసుల పేరుకి మార్చే ఫారం 31 నింపాం. అన్నయ్యలు అభ్యంతరం లేదని సంతకాలు చేశారు, కాస్త మొహమాటంగానే. ఆర్.సి. మీద ఇప్పుడు అమ్మ పేరుంది. 78 ఏళ్ళ వయసులో ఆమె నడపదు, నేను నడుపుతాను. బయల్దేరేముందు బానెట్ ఎత్తించి, ఆయిల్ పుల్ల తీసి, చీర చెంగుకి అంటకుండా పాత గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి చూసేది మాత్రం ఆమే. ఆమె సరేనన్నాకే తాళం తిప్పుతాను.