ఎక్స్‌ట్రా ప్లేయర్

మా అమ్మాయి చేతులు పొడుగు. పుట్టిన నెలకి మా అమ్మ ఒళ్లో వేసుకుని చూసి, "ఆజానుబాహువేనే ఇది" అని మురిసిపోయింది. ఆ చేతుల్ని మళ్లీ అంత శ్రద్ధగా చూసిన మనిషి, పదమూడేళ్ల తర్వాత, ఇక్కడ ఒహాయోలో ఒక ప్రైవేటు స్కూలు వాలీబాల్ కోచ్. పలకరిస్తూ పిల్ల మొహం చూడలేదాయన. భుజం దగ్గర మొదలుపెట్టి వేలి కొసదాకా చూపుతోనే కొలిచాడు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఎద్దును బేరమాడేవాళ్లు ముందు పళ్లు చూసేవాళ్లు, అది గుర్తొచ్చింది. కోపం మాత్రం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల కాస్త పొంగిపోయాను కూడా.

మేముండేది కొలంబస్ పక్కన డబ్లిన్‌లో. ఇంటికి రెండు మైళ్లలో మంచి పబ్లిక్ స్కూలుంది, పైసా ఫీజు లేదు. అయినా ఆ రోజు ఆ ప్రైవేటు స్కూల్లో ఎందుకున్నామంటే, 'షాడో డే'. చేరాలనుకునే పిల్లలు అక్కడి విద్యార్థి ఒకరి వెంట రోజంతా తిరిగి చూస్తారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు సుమా. ఒహాయో హైస్కూల్ క్రీడా సంఘం నియమాల ప్రకారం ఆట కోసం పిల్లల్ని పిలవకూడదు, ఆట చూసి ఫీజు తగ్గించకూడదు. కాబట్టి ఎవరూ పిలవరు. ఆదివారాలు మా అమ్మాయి ఆడే క్లబ్బు కోచ్ మాత్రం "ఒకసారి చూసి రండి, నష్టమేముంది" అంటాడు. ఆఫీసులో ఒకావిడ "ఫీజు గురించి భయపడకండి, అందరూ సాయానికి అప్లై చేస్తారు" అంటుంది. ఎవరూ ఏమీ అనలేదు, మాకు మాత్రం అంతా అర్థమైంది. మన పెళ్లిళ్లలో కట్నం మాట ఇంతకన్నా మోటుగా నడుస్తుంది.

గుమ్మం దాటగానే గోడ పొడుగునా అద్దాల బీరువా. కప్పులు, పతకాలు, వలలోంచి కోసుకున్న ముక్కలు. దాని ముందు నిలబడితే నాకు హైదరాబాద్‌లో మా యూసుఫ్‌గూడ గుర్తొచ్చింది.

చెక్‌పోస్ట్ వెనక సందులో మూడంతస్తుల బిల్డింగు మా స్కూలు. పేరు చెప్పను. గ్రౌండ్ లేదు. పీఈటీ సార్ మమ్మల్ని వరసకట్టించి ఫస్ట్ బెటాలియన్ వైపు తీసుకెళ్లి, గోడ పక్కన ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీయించి వాలీబాల్ ఆడించేవారు. గోడ అవతలి పోలీసు గ్రౌండ్‌ని ఇప్పటివాళ్లు సినిమా ప్రీ-రిలీజ్ ఫంక్షన్లకి గుర్తుపడతారు. మాకు మాత్రం సాయంత్రాలు పోలీసులు ఆడుతుంటే గోడ మీంచి చూసి నేర్చుకునే చోటు. ఈ చివర కోట్ల విజయభాస్కర్ రెడ్డి ఇండోర్ స్టేడియం అప్పటికింకా రాలేదు. నేను లిఫ్టర్‌ని. అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాణ్ని. పొట్టిగా ఉన్నవాళ్లకి దక్కే ఉద్యోగం అది.

1990 ఆగస్టులో, క్వార్టర్లీ పరీక్షల ముందు, తొమ్మిదో తరగతిలోకి ఒక కొత్త పోరడొచ్చాడు. రహమత్‌నగర్ నుంచి. ఎడమచేతి వాటం. నెట్ మీదికి లేచాడంటే మోచేయి దాకా అవతల కనిపించేది. మాకు నెలకి 60 రూపాయల ఫీజు, ఒక నెల ఆలస్యమైతే అసెంబ్లీలో నిలబెట్టేవాళ్లు. అతనికి ఫీజు లేదు, యూనిఫాం కూడా కరస్పాండెంట్ గారే కుట్టించారు. వెంట అతని దోస్తు ఒకడొచ్చాడు, వాడు లిఫ్టర్. ఇద్దరికీ జోడీ కుదిరింది కాబట్టి ఇద్దర్నీ తెచ్చారు. నేను ఎక్స్‌ట్రానయ్యాను.

"ఏం ఫికర్ జెయ్యకు, నువ్వు టీమ్‌ల ఉన్నట్టే," అన్నారు సార్. "ఆనికి జర నోట్సులు రాసిపెట్టు. ఆడు ఆడుతడు, నువ్వు రాస్తవ్. ఇద్దరు స్కూల్‌కే చేస్తున్రు గదా."

రాశాను. సోషల్, సైన్స్, హిందీ, లెక్కలు. ఎడమచేత్తో రాసినట్టు అక్షరాలు వెనక్కి వాల్చి మరీ రాశాను. అంత నిష్ఠగా నా సొంత నోట్సు ఎప్పుడూ రాసుకోలేదు.

ఆ ఏడాది జోనల్స్ గెలిచాం. ఫొటోతో కరపత్రం వేసి మధురానగర్, కృష్ణానగర్, వెంకటగిరి అంతా పేపర్లలో పెట్టి పంచారు. 'చదువుతో పాటు ఆటలు' అని ఎర్రక్షరాలు. జూన్‌లో ఆరో తరగతికి రెండు సెక్షన్లు మూడయ్యాయి. గ్రౌండ్ లేని స్కూలుకి, ఆటలు బాగుంటాయని పిల్లల్ని చేర్పించారు జనం. మరి గెలిచిన ఆరుగురిలో నలుగురు బయటి నుంచి వచ్చినవాళ్లే అన్న సంగతి కరపత్రంలో ఎందుకుంటుంది? కొత్త ఆరో తరగతి పిల్లలకి డ్రిల్ పీరియడ్ వారానికి ఒకటే. మిగతా టైమంతా సార్‌కి టీమ్‌తోనే సరిపోయేది.

అసలు సంగతి పదో తరగతిలో జరిగింది. ఆ పోరడు లెక్కల్లో పోతాడని అందరికీ తెలుసు. కరపత్రంలో ఆటల కింద ఇంకో లైన్ కూడా ఉండేది, 'టెన్త్‌లో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత'. అందుకని అతనితో ప్రైవేటుగా కట్టించారు. హాల్‌టికెట్ మీద మా స్కూలు పేరు లేదు. అతను గెలిపించిన కప్పు మాత్రం ప్రిన్సిపాల్ రూమ్ బయట అద్దాల బీరువాలో ఉంది. అతను తప్పాడు. ఆ మాట ఎవరూ పెద్దగా అనుకోలేదు, ఎందుకంటే లెక్క ప్రకారం అతను మా స్కూలు పిల్లాడే కాదు.

నేను ఆ నోట్సులు రాయకుండా ఉంటే? అతని లెక్కలు అతనే చేసుకుని ఉంటే? ఇలాంటివి డబ్లిన్‌లో మంచు తవ్వుకునేటప్పుడు గుర్తొస్తాయి.

ఆటగాళ్లను వెతికి తెచ్చుకోవడమే తప్పని నేననను. హైదరాబాద్ ఫుట్‌బాల్ పేరంతా అలా వచ్చిందే. 1950 నుంచి 54 దాకా సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందంటే, బస్తీల్లో బాగా ఆడే కుర్రాళ్లకి పోలీసు ఉద్యోగాలిచ్చి నిలుపుకోబట్టే. వాళ్లను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం స్వయానా బడిపంతులు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిందీ ఆయన జట్టే. అక్కడ ఆటకి జీతముంది, ఆ సంగతి దాచలేదు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లోనూ దాపరికం లేదు. నాలుగో తరగతి పిల్లల్ని పరిగెత్తించి, గెంతించి, మెడిసిన్ బాల్ విసిరించి, కొలిచి మరీ తీసుకుంటారు. పిల్లాడు దేనికి వచ్చాడో పిల్లాడికీ తెలుసు, బడికీ తెలుసు. ఆబిడ్స్ ఆల్ సెయింట్స్ గురించి వేరే చెప్పాలా? అజారుద్దీన్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, నోయెల్ డేవిడ్, ఒక్క బడి నుంచి ఇంతమంది ఇండియాకి ఆడారు. ఆ బడిలో చేరిన ప్రతి పిల్లాడూ తన వంతుగా ఒక బ్యాట్ పట్టుకుని ఉంటాడు. మా స్కూల్లో కప్పు గెలిచాక బంతి ముట్టుకున్న పిల్లలు తగ్గారు. తేడా అదీ.

తర్వాత మన ఊళ్లో ఈ వ్యాపారం ఆటల్ని వదిలి ర్యాంకుల్లోకి పోయింది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడితే ఫ్లెక్సీల మీద హాల్‌టికెట్ నంబర్లతో సహా మొహాలు. ఒకే మొహం రెండు సంస్థల ఫ్లెక్సీల మీద నవ్వడం కూడా చూశాం. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఊపిరాడకుండా చదివే ప్రకటన మిమిక్రీ వాళ్లకి ఎన్నేళ్లు అన్నం పెట్టిందో. పదిలో మంచి మార్కులొచ్చిన పిల్లాడి ఇంటికి పీఆర్వో వచ్చి ఫ్రీ సీటంటాడు, హాస్టల్ ఫ్రీ అంటాడు. ఆ పిల్లాడి ర్యాంకు చూసి లక్షలు కట్టి చేరేది మనం. మన పిల్లలు కూర్చునేది వేరే సెక్షన్, చెప్పేది వేరే లెక్చరర్.

ఇక్కడికొస్తే, మా కొలంబస్‌కే దక్కిన ఒక ఘనత ఉంది. బిషప్ సికమోర్ అని ఒక స్కూలు. 2021 ఆగస్టు 29న దాని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈఎస్‌పీఎన్‌లో, దేశమంతా చూస్తుండగా, ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీతో ఆడి 58-0తో ఓడింది. అది రెండు రోజుల ముందే ఇంకో మ్యాచ్ ఆడిన జట్టు. వ్యాఖ్యాతలకే అనుమానం వచ్చి, వీళ్లు చెప్పిన ఆటగాళ్లలో చాలామంది మాకు దొరకడం లేదని ఆట మధ్యలో అనేశారు. ఆరా తీస్తే జట్టుంది గానీ బడి లేదు. ఆ డిసెంబర్‌లో రాష్ట్ర విద్యాశాఖ అదంతా మోసమని తేల్చింది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. మా స్కూలుకి బిల్డింగైనా ఉండేది.

ఒహాయో వాళ్లు కళ్లు మూసుకున్నారని కాదు. జట్టులో బయటి ప్రాంతాల పిల్లలు ఎంతమందో లెక్కగట్టి, ఎక్కువుంటే ఆ స్కూలుని పై డివిజన్‌లోకి జరిపే పద్ధతి 2017 నుంచి నడుస్తోంది. పిల్లల్ని తెచ్చుకుంటే తెచ్చుకో, తెచ్చుకున్నవాళ్లతోనే ఆడు అని. దొంగతనం ఆపలేక తూకం సరిచేశారు. నాకైతే నచ్చింది.

నచ్చనిది మనవాళ్ల సంగతి. వారాంతం ఏ ఇంట్లో భోజనాలకి కలిసినా, పప్పుచారు వడ్డన పూర్తయ్యేలోపు స్క్వాష్, ఫెన్సింగ్, గోల్ఫ్ మాటలే. హార్వర్డ్ మీద 2018లో విచారణ జరిగిన కేసులో బయటపడ్డ అంకె అందరికీ నోటికొచ్చు: కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లలో 86 శాతం మందికి సీటు దొరికింది. మిగతావాళ్లలో నూటికి పదిమందికి కూడా దొరకని చోట. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా అర శాతమే ఉండేది కాబట్టి అక్కడ మన నాన్నలు మన చేతుల్లోంచి బంతి లాక్కున్నారు. ఇక్కడ మనం పిల్లల చేతుల్లో బంతి పెడుతున్నాం. రెండింటి వెనకా ఉన్న లెక్కల పుస్తకం ఒకటే. ఆరేళ్ల పిల్లకి ప్రైవేటు కోచింగ్, వీడియో విశ్లేషణ, ఎండాకాలం క్యాంపు. వాలీబాల్‌కి అమీర్‌పేట అంటించాం.

షాడో డే అయ్యాక కారులో అడిగాను, ఎలా ఉందని.

"బాగుంది డాడీ. కానీ జిమ్‌లో ఒకమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడలేదు. తను కూడా మిడిల్ ఆడుతుందట."

ఆ అమ్మాయి ఎవరో నాకు తెలుసు. పేరు తెలియదు, అంతే.

రాత్రి క్లబ్బు వాళ్ల ప్రొఫైల్ ఫారం నింపడానికి కూర్చున్నాం. పిల్లని వంటింటి తలుపుకి ఆనించి నిలబెట్టి, చెయ్యి పైకెత్తించి, మా ఆవిడ స్టూలెక్కి పెన్సిల్‌తో గీత పెట్టింది. టేపు వేస్తే 7 అడుగుల 5 అంగుళాలు. "ఏమండీ, మడమలెత్తిందేమో చూడండి," అంది. ఎత్తలేదు. ఎత్తు, బరువు, జీపీఏ రాసుకుంటూ కిందికొచ్చాక ఒక గడి: తల్లిదండ్రులు ఆడిన ఆటలు, ఆడిన స్థానం.

'వాలీబాల్' అని టైప్ చేశాను. స్థానం దగ్గర లిఫ్టర్ అని కొట్టి, చెరిపేశాను.

"ఎక్స్‌ట్రా అంటే ఏంటి డాడీ?" అంది వెనక నుంచి మా అమ్మాయి, చెయ్యి ఇంకా దించకుండానే.