ఒక బల్ల, నాలుగు మిషన్లు

రామంతాపూర్‌లో క్రైస్తవ వేదాంతం ఎక్కడ చదువుతారని అడిగితే సెయింట్ జాన్స్ సెమినరీ దారి చూపిస్తారు. అది కథోలిక గురువులు తయారయ్యే చోటు. నేను వెళ్లింది అక్కడికి కాదు, ఒక సందులో డాబా ఇంటి కింది వాటాలో నడిచే ప్రొటెస్టెంటు సంఘానికి. ఆదివారం పొద్దున సందంతా స్కూటర్లే. కుర్చీల మధ్య కాలు పెట్టే చోటు లేదు.

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లో పని దొరుకుతుందని జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. పక్కన కూర్చున్న పెద్దాయన నాచారంలో ఫ్యాక్టరీ పని చేసి రిటైరయ్యారు. “మాది కనిగిరి వైపు బాబూ. మా ముత్తాత గుండ్లకమ్మలో మునిగినోడు” అన్నారు. వెనక వరసలోంచి ఒకావిడ అందుకుంది: “మాది మెదక్ సార్. మా తాత ఆ పెద్ద గుడి కట్టంగ రాళ్లు మోసిండట.”

ఈ రెండు మాటల్లో తెలుగు ప్రొటెస్టెంటు చరిత్ర సగం ఉంది. విదేశీ మిషన్లు ఒకరి హద్దులోకి ఒకరు రాకుండా ఈ నేలను పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులకు. 1842లో హెయ్యర్ దొర దిగిన గుంటూరు లూథరన్లకు. మెదక్ ఇంగ్లండు వెస్లియన్లకు. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండ చేరాడు. బాప్తిస్మమిచ్చేప్పుడు పసిబిడ్డ నుదుటి మీద నీళ్లు చిలకరించాలా, ఎదిగాక నిండా ముంచాలా అన్నది ఏ తాలూకాలో పుట్టామన్నదాన్ని బట్టి తేలిపోయేది. చాలా ఇళ్లకు శైవమో వైష్ణవమో వచ్చిందీ ఇంచుమించు ఇలాగే కదా.

కూటి కోసం మతం మారారన్న దెప్పు వీళ్లు తరతరాలుగా పడుతున్నదే. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. అయినా దెప్పు పోలేదు. ఆకలి వేళ మనిషిగా చూసినవాడి దేవుణ్ణి నమ్మడంలో సిగ్గుపడాల్సిందేముందో నాకైతే అర్థం కాదు. వెస్లియన్ మిషనరీ పాస్నెట్ పూనికతో 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి కూడా కరువు కూలీల చేతుల మీదుగా లేచిందే.

పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. పెద్దాయన అట్ట ఊడిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ నా వైపు జరిపారు. పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉన్నాయి. కచేరీ పుస్తకంలో ఉన్నట్టే. ఈ పుస్తకంలో పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి (1803–1890), బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి తెలుగులో కీర్తనలు కట్టినవాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, వెస్లియన్ మెథడిస్టులు అందులో కలిశారు. ఇక్కడి బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. పాటల పుస్తకం మాత్రం అందరిదీ ఒకటే. సంఘాల ఐక్యత కోసం జీవితమంతా పాటుపడ్డ దోర్నకల్ బిషప్ అజరయ్య ఆ కలయిక చూడకుండానే 1945లో పోయారు.

బల్ల, అంటే ప్రభు రాత్రి భోజనం, ఇచ్చారు. పళ్లెంలో చిట్టి గ్లాసులు వరసల వెంట సాగాయి. ఎవరిది ఏ మిషనని ఎవరూ అడగలేదు.

ఆరాధన అయ్యాక టీ దగ్గర మాత్రం అడిగారు. మెదక్ ఆవిడ కూతురికి ఒంగోలు వైపు సంబంధం వచ్చిందట. పెళ్లికి ముందు పిల్ల మళ్లీ మునగాలంటున్నారు మగపెళ్లివారు. “చిన్నప్పుడే అయింది కదా సార్, ఎన్నిసార్లు ఇస్తరు?” అందావిడ. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. “చిలకరిస్తే బాప్తిస్మం ఎట్టవుద్దమ్మా?” అన్నారు. పాస్టరుగారు మరో టీ తెచ్చుకోవడానికి లేచారు.